హన్మవ్వ తరఫున

నిజామాబాద్,
5 జూలై 2025

అత్తమ్మకు,

ఈ ఉదయం పాల ప్యాకెట్ మీద ఒక నత్త కూర్చుని ఉంది. గేటు దాకా ఎలా వచ్చిందో, ప్యాకెట్ ఎప్పుడు ఎక్కిందో తెలియదు. అమ్మ కేక వేసింది. నేను దాన్ని పాత పోస్టుకార్డు మీదికి ఎక్కించుకుని గోరింట చెట్టు కింద దింపి వచ్చాను. దిగడానికి అది ఒప్పుకోలేదు, అందుకని చాలాసేపు వానలో నిలబడ్డాను. పాలు కాచారు. నేను తాగలేదు.

నువ్వు పంపిన మామిడి తొక్కు సగం అయిపోయింది. మిగతా సగాన్ని నాన్న దుకాణానికి పట్టుకుపోయాడు, అక్కడ ఎవరితో తింటున్నాడో అమ్మ కనుక్కుంటోంది.

ఈ గురువారం పత్రిక నీకు అందే ఉంటుంది. దశరథాన్ని చంపేశాను. వేరే దారి దొరకలేదు. రెండేళ్ళుగా "పైసల ముచ్చట" రాస్తున్నాను కదా, ఏది చెప్పాలన్నా హన్మవ్వకో ఆమె భర్త దశరథానికో జరిగినట్టు చెబుతూ వచ్చాను. సిలిండర్ తూకం తగ్గితే నిలదీసింది హన్మవ్వ. ఫోన్‌లో ఎవరో నంబర్ అడిగితే చెప్పేసి మోసపోయింది దశరథం. వాళ్ళిద్దరూ నా టేబుల్ మీద పుట్టినవాళ్ళని నీకు తెలుసు. ఇప్పుడు ఎడిటర్ లక్ష్మీరాజం సారు బ్యాంకు బీమా గురించి రాయమన్నారు. ఒప్పుకున్నవాళ్ళ ఖాతాలోంచి ఏటా మే నెలాఖరున నాలుగు వందల ముప్పై ఆరు కోసుకుంటారు. మనిషి పోతే ఇంటివాళ్ళకి రెండు లక్షలు ఇస్తారు. ఎప్పుడు ఒప్పుకున్నారో, ఎందుకు కోశారో చాలామందికి గుర్తుండదు. పోయినవాళ్ళతో పాటు ఆ సంగతీ పోతుంది. ఇదంతా చెప్పాలంటే ఇద్దరిలో ఒకరు పోవాలి. హన్మవ్వ మాటకారి, కౌంటర్ దగ్గర ఆమె ఉంటేనే బాగుంటుంది. కాబట్టి దశరథం.

ఫోన్ చేయొచ్చు కదా, అక్కకు ఈ ఉత్తరాలేమిటని నాన్న మళ్ళీ అడిగాడు. నాకు గట్టిగా మాట్లాడటం రాదు, మెల్లగా మాట్లాడితే అత్తమ్మకు వినపడదు, ఉత్తరమైతే ఇద్దరికీ కుదురుతుంది అన్నాను. ఆయన తొక్కు సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎర్రన్న మామకు నమస్కారాలు చెప్పు.

నీ కోడలు,
నిరోష


రుద్రూర్,
12-7-2025

బిడ్డ నిరోషకు మీ వసంతత్త రాసేది,

నత్తను గంత పదిలంగ దింపి వచ్చినదానివి, దశరథాన్ని ఎట్ల సంపినవే?

నీ ఉత్తరం రాకముందే ఇక్కడ ఆగమాగం అయింది. మా వాకిట్ల కూసుండి అందరం బీడీలు చేస్తం గదా, బేస్తారం వచ్చిందంటే నీ పేపర్ కోసం చూస్తరు. చదివేది నేనే. నాకు చెవులు లేవు గాని గొంతు ఉన్నది, గోడ అవతలి దాక ఇనవడుతది. చదివే ఆమె చేతులు ఖాళీగ ఉంటయని తలా ఒక కట్ట తమ చాటలకెల్లి తీసి నా చాటల ఏస్తరు. మా అత్తగారి కాలం నుంచి గదే పద్ధతి.

ఆ దినం దశరథం పోయిండని చదివిన. ఒక్కరు కూడ కట్ట ఎయ్యలే. వెంకటవ్వ కత్తెర కింద పెట్టింది.

"ఎట్ల పోయిండు?"

"రాయలే."

"రాయకుంటె ఎట్ల? రోగమొచ్చి పోయిండా, తాగి పోయిండా?"

"ఆయన తాగడు," అన్నది సుమిత్రమ్మ. "మొన్ననే గద గ్యాస్ బండ బుజం మీద మోసుకొచ్చిండు. మంచిగనే ఉండె."

"ఫోన్ల పైసలు పోయిన కాన్నుంచి మనాది పెట్టుకున్నడు. లోపల్లోపల కుమిలిండు. నాకెర్కనే," అన్నది వెంకటవ్వ.

ఆ రోజు కార్ఖానకు మా కట్టలు తక్కువ పడ్డయి. సేటు ఏమైందని అడిగిండు. "మా దగ్గరాయన ఒకాయన పోయిండు సేటూ" అన్నది వెంకటవ్వ. పాపమని ఆయన ఊకున్నడు.

వాళ్లకు తెల్వదా అని అడుగకు. మొదటి దినమే చెప్పాల్సింది, చెప్పలే. రెండేండ్లాయె. ఇప్పుడెట్ల చెప్పాలె?

ఇంకో సంగతి ఉన్నది, అందుకే రాస్తున్న. మా వెనుక అర్రల ఉంటది చూడు, నవత. దాని మొగడు ప్రశాంత్ చెరకు ట్రాక్టర్ నడుపుతుండె. నిరుడు దీపావళి అయినంక గుండె ఆగి పోయిండు. అప్పటికే వాళ్లు ఇల్లు మొదలు పెట్టుకున్నరు. గోడలు లేచినయి, మీద కప్పు లేదు. వాన పడితే ఆ గోడల నడుమ నీళ్లు నిలుస్తయి, నవత పోయి చీపురుతోటి ఎత్తి వస్తది. పిల్లను పట్టుకొని మా అర్రలనే ఉంటుంది, కిరాయి వద్దంటే వినదు. మొన్న బేస్తారం నువ్వు రాసినవ్, హన్మవ్వ కాగితాలు జమ చేసుకొని బ్యాంకుకు పోతదని, మీరు కూడ పాస్‌బుక్కులు చూసుకోండ్రని. చీకటి పడంగ నవత ప్రశాంత్ పాస్‌బుక్కు తెచ్చి నా చేతుల పెట్టింది. ఉన్నది బిడ్డా! రెండేండ్లు కోసిండ్రు.

"పొద్దుగాల్ల బోధన్ పోదాం," అన్న.

అది తల ఊపలే. "హన్మవ్వ పోతుంది గద చిన్నమ్మా. ఆమెకు రానియ్యి. ఆమెకొస్తే నేను పోత."

నాకు నవ్వొచ్చింది. నవ్వలే. అది గంత ముచ్చట మాట్లాడక మస్తు రోజులాయె. నువ్వు జల్ది హన్మవ్వకు పైసలు ఇప్పియ్యి, ఆ వారమే నవతను బస్సు ఎక్కిస్త. దాని ఇంటికి రేకులన్న పడుతయి.

ఈసారి వరి ఎయ్యాల్నా చెరకు ఎయ్యాల్నా మీ కోడలు పేపర్ల రాయదా అని మీ మామ అడుగుతున్నడు. రాయదు అన్న. మరెందుకు ఆ పేపర్ అన్నడు.

ఉంట మరి,
వసంతత్త


నిజామాబాద్,
15 జూలై 2025

అత్తమ్మా,

పోస్టు ఇప్పుడే వచ్చింది. తొందరలో రాస్తున్నాను. ఈ గురువారం పత్రిక దయచేసి చదవకు. చదివినా నీలో నువ్వు చదువుకో.

అందులో రెండు నెలలు గడిచాక హన్మవ్వ బ్యాంకుకు వెళ్తుంది. కౌంటర్‌లో మనిషి ముప్పై రోజులు దాటాయమ్మా, ఇక రాదు అంటాడు. ఆమె తిరిగి వచ్చేస్తుంది. అలా అన్నప్పుడు ఏం చేయాలో పై వారం చెప్పాలని అక్కడ ఆపాను. నిన్ననే పంపేశాను. ఇప్పుడు మార్చుదామని లక్ష్మీరాజం సారుకు ఫోన్ చేస్తే, పేజీ ప్రెస్సుకు పోయింది తల్లీ అన్నారు. ఎందుకు మార్చాలని అడిగారు. నేను ఫోన్ పెట్టేశాను.

నవతకు ఈ ఒక్కటి చెప్పు. ముప్పై రోజుల్లో అడిగితే మంచిదన్నారే గాని, దాటితే ఇవ్వకూడదని ఎక్కడా లేదు. ఆలస్యానికి కారణం రాసి ఇస్తే తీసుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఇద్దరి ఆధార్, పాస్‌బుక్కులు ఉంటే చాలు. హన్మవ్వ కోసం ఆగవద్దని చెప్పు.

దశరథం జబ్బు గురించి నేను ఆలోచించలేదు. గుండె అని చెప్పు. వద్దు, నవత ఉంటుంది కదా. వేరే ఏదైనా చెప్పు.

నిరోష


రుద్రూర్,
20-7-2025

బిడ్డా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. బేస్తారం నాడే చదివేసిన. గట్టిగనే చదివిన.

హన్మవ్వను ఎల్లగొట్టిండ్రు అనంగనే వెంకటవ్వ లేచి నిలవడ్డది. "ఎవడాడు? పేరు రాసిందా నీ కోడలు? మొగడు సచ్చిన ఆడిదాన్ని గట్ల ఎల్లగొడ్తరా?" సుమిత్రమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేను చదువుడు ఆపి కూసున్న, ఆపితే ఇంకేమైందో చెప్పు అన్నరు. ఇంకేం లేదు, పై వారం అన్న. నన్నే తిట్టిండ్రు.

నవత కట్టలు ముడేసుకొని అర్రలకు పోయింది. పాస్‌బుక్కు సందుగల పెట్టి తాళం ఏసింది.

నేను పోయి నువ్వు రాసిన ముప్పై రోజుల ముచ్చట చెప్పిన. అది ఏమన్నదో ఇను. "మరి హన్మవ్వకు ఎందుకు చెప్పలే ఎవలన్న? ఆమె అసుంటి మాటకారినే పొమ్మన్నరు చిన్నమ్మా. నాకు నోరేడిది?"

దీనికి జవాబు నువ్వే రాయి.

హన్మవ్వ లేనే లేదని చెప్పొచ్చు గదా అంటవ్. నేను ఆలోచన చేసిన. హన్మవ్వ లేదంటే ఆమె చేసిన పనులు కూడ లేనట్టే అనుకుంటరు. సుమిత్రమ్మ హన్మవ్వను చూసే బండ తూకం ఏపిచ్చుకున్నది. వెంకటవ్వ ఫోన్ల నంబర్ అడిగినోన్ని "నేను దశరథాన్ని గాను బిడ్డా" అని కట్ చేసింది. గదంత పోతది.

కలం నీ చేతులనే ఉన్నది. వచ్చే బేస్తారం హన్మవ్వకు ఇప్పియ్యి. నీకు ఎంతసేపు పని?

నాట్లు పడుతున్నయి. మీ మామ వరే ఏసిండు.

నీ అత్త


నిజామాబాద్,
24 జూలై 2025

అత్తమ్మకు,

హన్మవ్వకు ఇప్పించడం నా చేతిలో పనే. నవతకు ఇప్పించడం నా చేతిలో లేదు. మొదటిది చేస్తే రెండోది అయిపోతుందని నువ్వు అనుకుంటున్నావు.

నేను ఎక్కడా జరగనిది రాయను. పేర్లు నావి, జరిగినవి ఎవరో ఒకరివి. ఆలస్యమైందని తిప్పి పంపారని ఆర్మూర్ వైపు నుంచి ఒకావిడ రాసింది. అదే రాశాను. ఆలస్యమైనా ఇచ్చారని ఇంతవరకు ఒక్కరూ రాయలేదు. ఇవ్వాలని నియమంలో ఉంది. ఇవ్వాలని రాయడం వేరు, ఇచ్చారని రాయడం వేరు. రేపు ఎవరైనా నా కాలమ్ పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి, హన్మవ్వకు ఇచ్చారట కదా అంటే నేనేం చెప్పాలి?

ఈ రోజు హన్మవ్వ ఫిర్యాదు రాసింది. ముందు బ్రాంచికి రాయాలి, నెల లోపు జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు. ఇప్పటికి ఇంతే చేయగలను.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. వాళ్ళు వినడం మానేస్తే నీ చాటలో కట్టలు పడవనేనా నిజం చెప్పడం లేదు? నువ్వు చెప్పకపోతే నేనే పత్రికలో రాస్తాను, వీళ్ళిద్దరూ ఉదాహరణలని.

ఇంకో చిక్కు. బోధన్‌లో ఒక బ్యాంకు మేనేజర్ లక్ష్మీరాజం సారుకు ఫోన్ చేశాడట. హన్మవ్వను తిప్పి పంపింది ఏ బ్రాంచి అని. రాసే అమ్మాయి నంబర్ ఇవ్వమన్నాడట. సారు ఇవ్వలేదు. ఆ రోజంతా నేను ఫోన్ వైపు చూడలేదు.

ఉంటాను,
నిరోష


రుద్రూర్,
29-7-2025

ఇంకా శ్రీమతి గాని నిరోష మేడం గారికి వసంతమ్మ నమస్కరించి రాసేది,

కట్టల కోసం చదువుతున్న అన్నవ్. బిడ్డా, చెవులు పోయినంక నలుగుట్ల కూసుంటే నాకు ఏమీ తెల్వది. అందరు నవ్వుతరు, నేను ఆలస్యంగ నవ్వుత. బేస్తారం ఒక్కనాడే అందరు నా దిక్కు చూస్తరు. కట్టలు గావాలంటే నువ్వే వచ్చి తీసుకపో.

తిట్టుడు అయిపోయింది. ఇగ అసలు ముచ్చట ఇను, నవ్వకుంటె అడుగు.

వెంకటవ్వ, సుమిత్రమ్మ, ఇంకిద్దరు పింఛన్ పని మీద బోధన్ పోయిండ్రు. పోయినోళ్లు ఊకుంటరా? బ్యాంకుల జొచ్చిండ్రు. మేనేజర్ సారు అర్రకే పోయి వెంకటవ్వ అడిగిందట:

"మా హన్మవ్వను ఎందుకు ఎల్లగొట్టిండ్రు సారూ?"

ఆయన పేపర్ చదివే ఉన్నడు. రాసింది తమ బ్యాంకు మీదనే అని అందరు అనుకొని గాబరాల ఉన్నరట. "ఏ హన్మవ్వమ్మా? ఖాతా నంబర్ చెప్పండి."

"నంబర్ ఎందుకు? దశరథం పెండ్లాం!"

కంప్యూటర్ల కొడితే హన్మవ్వలు బాగనే ఎల్లిండ్రు. ఒక్కామెకు కూడ దశరథం మొగడు కాదు. అయినా ఎందుకైన మంచిదని ఊర్లల్ల తిరిగి బ్యాంకు పనులు చేసే బ్యాంకు మిత్ర ధనుంజయ్‌ని బండి మీద పంపిండు, ఊర్లల్ల ఉన్న హన్మవ్వలందర్ని అడిగి రమ్మని. ఆ పిలగాడు ఒకింటికి పోయిండు. హన్మవ్వ గంజు కడుగుతుంది. ఆమె మొగడు రాజనర్సు అరుగు మీద కూసుండి బువ్వ తింటున్నడు.

"మీ ఆయన ఎప్పుడు పోయిండమ్మా?" అన్నడు ధనుంజయ్.

"ఏడికి పోయిండు? గీడనే తింటున్నడు."

"ఆయన గాదమ్మా, దశరథం."

రాజనర్సు చెయ్యి కడుక్కోకుంటనే లేచిండట. "దశరథం ఎవడే?"

ధనుంజయ్ బండి స్టార్ట్ గాక నూక్కుంట ఉరికిండు. ఆ ఇంట్ల ఇంకా మాటల్లేవట.

గీ పరేషాన్ అంత అయినంక ఆ పిలగాడు మా ఇంటికి వచ్చిండు. పేపర్ చదివే అవ్వ నేనే అని వెంకటవ్వ చెప్పిందట. కాగితం మీద రాసి చూపెట్టిండు, నాకు ఇనవడదని: "హన్మవ్వను తీసుకురండి. ఆలస్యమైనా కాగితాలు చూస్తం అన్నడు సారు." హన్మవ్వ రాదు, ఆమె అసుంటామె ఇంకొకామె ఉన్నది అన్న. ఆమెనన్న తీసుకురా అవ్వా, నేను మల్ల ఇంకో హన్మవ్వ ఇంటికి పోలేను అని రాసిండు.

ఉరికి పోయి నవతకు చెప్పిన. "హన్మవ్వ వస్తే నేను గూడ పోత," అన్నది. గదే మాట. నాకు ఇసం లెక్క కోపం వచ్చింది. నోట్లకెల్లి ఊడిపడ్డది: "హన్మవ్వ రాదు. ఆమె తరఫున ఒక మనిషి వస్తది, నీతోటి లోపలికి వస్తది."

అది సందుగ తాళం తీసింది.

ఆ మనిషివి నువ్వే. వచ్చే సోమవారం గాదు, అవతలి సోమవారం.

నీ అత్తనే ఇంకా,
వసంతమ్మ


నిజామాబాద్,
1 ఆగస్టు 2025

అత్తమ్మా,

కట్టల మాట రాసినందుకు నాకు సిగ్గుగా ఉంది. పోస్టు డబ్బాలో వేసిన వెంటనే వెనక్కి తీసుకోవాలనిపించింది. చెయ్యి పట్టలేదు.

రాజనర్సు గురించి చదివి నవ్వాను. తర్వాత ఆ హన్మవ్వ గుర్తొచ్చి ఆగిపోయాను. ఆమెకు ఎవరైనా నచ్చజెప్పారా?

బోధన్ మాత్రం నా వల్ల కాదు. నీకు తెలుసు. కాన్వెంట్‌లో సిస్టర్ పాఠం చదవమంటే లేచి నిలబడి, బెల్ కొట్టేవరకు పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయేదాన్ని. పాఠం నాకు కంఠతా వచ్చేది. ఇప్పుడూ అంతే. ఎదురుగా మనిషి లేకపోతే నేను ఏదైనా చెప్పగలను.

అందుకని దరఖాస్తు పూర్తిగా రాసి ఇందులో పెడుతున్నాను. ఆలస్యానికి కారణం, నియమం, జత చేసే కాగితాలు అన్నీ ఉన్నాయి. నవత సంతకం చేసే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. నువ్వు తీసుకెళ్ళు. నాకంటే నువ్వే నయం.

నిరోష


రుద్రూర్,
5-8-2025

బిడ్డా,

దరఖాస్తు మంచిగున్నది. చదివితే నాకే రెండు లక్షలు ఇయ్యబుద్ధయింది. కాని వాళ్లు ఎదురు మాట అడిగితే కాగితం ఏం చెప్తది? నేను పోతే ఆయన అడిగేది నాకు ఇనవడది, నేను చెప్పేది బజారు దాక ఇనవడుతది. నవత సంసారం బోధన్ అంతటికి ఎందుకు?

సోమవారం పది గంటలకు బోధన్ బస్టాండ్ల నవత ఉంటది. ఆకుపచ్చ చీర. నువ్వు రాకుంటె అది బ్యాంకుకు పోదు, మల్ల బస్సెక్కి ఇంటికి వస్తది. సందుగకు మల్ల తాళం పడ్తది.

నేను రాను. నేనొస్తే నేనే మాట్లాడుత, నువ్వు గోడకు ఆనుకొని నిలవడ్తవ్.

రాజనర్సు ఇంటికి నేనే పోయి చెప్పి వచ్చిన. ఆయన చాయ పోసిండు.

వ.


నిజామాబాద్,
12 ఆగస్టు 2025

అత్తమ్మకు,

వెళ్ళాను.

శ్రావణ సోమవారం కదా, బస్టాండ్‌లో ఆకుపచ్చ చీరలు చాలా ఉన్నాయి. ఎవరిని అడగాలో తెలియక పుస్తకం తెరిచి నిలబడ్డాను. ఒకామె వచ్చి, "హన్మవ్వ తరఫున వచ్చింది మీరేనా?" అంది. తలెత్తి చూస్తే నాకంటే రెండు మూడేళ్ళే పెద్ద ఉంటుంది. అవును అన్నాను. ఎలా గుర్తుపట్టావంటే, బస్టాండ్‌లో పుస్తకం చదివేది మీరొక్కరే అంది.

మేనేజర్ గది చిన్నది. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "హన్మవ్వకు మీరేమైతరు?"

"రాసేది నేనే," అన్నాను.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "అయితే మీరే చెప్పాలి మేడం. ఆ బ్రాంచి మాదేనా?"

"మీది కాదు."

ఆయన ఊపిరి పీల్చుకుని, చాయ్ చెప్పాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. కాని కాగితాలు తిప్పుతూ, "నిరుడు పోయిండు కదమ్మా. ముప్పై రోజుల్ల ఇయ్యాల్సింది," అని మొదలుపెట్టాడు. సరిగ్గా నేను రాసిన మాటలే.

నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ మొదలుపెట్టాను. ఎంత మెల్లగా మాట్లాడానంటే ఆయన ముందుకు వంగి చెయ్యి చెవికి పెట్టుకున్నాడు. అప్పుడు పక్కనుంచి నవత, "ఆలస్యమైతే తీసుకోవద్దని లేదంటున్నది సారూ," అంది. నేను ఇంకో మాట అన్నాను. "కారణం రాసిచ్చినం, చూడుండ్రి అంటున్నది." నేను చెబుతున్నాను, ఆమె గట్టిగా చెబుతోంది. కాసేపటికి నేను ఆగిపోయినా ఆమె ఆగలేదు. "నాకు తెల్వక రాలే సారూ. తెలిసినంక భయపడి రాలే. పైసలు కోసినప్పుడు నా మొగనికి చెప్పలేదు, పోయినంక నాకు చెప్పలేదు. చెప్పేటోళ్లు లేకుంటె ముప్పై రోజులెట్ల లెక్కపెట్టుకోవాలె?" అంది. అది నేను రాసిన దరఖాస్తులో లేదు. ఉండాల్సింది.

ఆయన పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. మాట్లాడి వచ్చి కాగితాలన్నీ తీసుకున్నాడు. ముద్ర వేసిన రసీదు ఇచ్చాడు. అడగకుండానే ఇచ్చాడు. ఇస్తారో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

బయటికి వచ్చాక నవత, "హన్మవ్వ ఎట్లున్నది? ఒక్కతే ఉంటున్నదా?" అని అడిగింది. నువ్వు తిట్టుకో, నేను నిజం చెప్పేశాను. హన్మవ్వ లేదని, దశరథం కూడా లేడని, ఇద్దరినీ నేనే రాశానని. ఆమె మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగిపోయింది. కోపం వస్తుందనుకున్నాను.

"అట్లయితే దశరథం సావలేనట్టే గదా," అంది.

అవునన్నాను.

"మంచిగైంది," అంది. తర్వాత, "వెంకటవ్వోళ్లకు చెప్పకుండ్రి. పాపం, మస్తు పెట్టుకున్నరు," అంది. బజ్జీలు కొనిపెట్టింది. నన్ను పైసలు ఇవ్వనివ్వలేదు.

నిరోష


రుద్రూర్,
11-9-2025

బిడ్డ నిరోషకు,

నవతకు పడ్డయి! ధనుంజయ్ బండి మీద వచ్చి చెప్పిండు. వాకిలి బయటనే నిలవడి, ముందు "ఇది నవత ఇల్లేనా, హన్మవ్వది గాదు గదా" అని అడిగి మరీ చెప్పిండు. నవత చేసే బీడీ చేసుకుంటనే ఉన్నది. కట్ట పూర్తయింది, దారం కట్టింది, అప్పుడు లేచింది. పోయి ఆ గోడల నడుమ నిలవడ్డది. నేను పిలువలే. పిల్ల బడికెల్లి వచ్చి, అమ్మేదంటే, చేత్తోటి చూపెట్టిన.

వచ్చే వారం రేకులు పడుతున్నయి. స్లాబు ఎయ్యొచ్చు గదా అంటే, పిల్ల సదువుకు ఉంచుకుంట అన్నది. మీ మామ ట్రాక్టర్ల తెచ్చి పెడుతడట.

నువ్వు నిజం చెప్పినవని నేను తిట్టుకోలే. నాకంటే నువ్వే నయం.

కాని ఇక్కడ లొల్లి తగ్గలే. వెంకటవ్వ రోజూ అడుగుతుంది. "నవతకు వచ్చింది. హన్మవ్వకు ఎందుకు రాదు? ఆమె ముందు పోయింది గదా? మల్ల బోధన్ పోవాల్నా?" నవత తల వంచుకొని బీడీలు చేస్తది, దాని బుజాలు ఊగుతయి. నవ్వు. నాకు ఇనవడకున్నా తెలుస్తది.

ఏదో ఒకటి రాయి జల్ది. ఈసారి పోతే మేనేజర్ సారు సెలవు పెడ్తడు.

ప్రేమతో
అత్త


నిజామాబాద్,
15 సెప్టెంబర్ 2025

అత్తమ్మకు,

ఈ గురువారం హన్మవ్వకు వస్తాయి. ఇప్పుడే పంపాను. ఆలస్యానికి కారణం రాసి ఇచ్చింది, రసీదు తీసుకుంది, వచ్చాయి. ఒకరికి జరిగింది కనుక రాయొచ్చు. ముప్పై రోజులెట్ల లెక్కపెట్టుకోవాలె అని నవత అడిగిన మాట హన్మవ్వ నోట పెట్టాను. నవతను అడిగే పెట్టానులే, ఫోన్ చేసి. గట్టిగానే చదువు.

లక్ష్మీరాజం సారు చదివి, "ఈ హన్మవ్వ ఈ మధ్య బాగా మాట్లాడుతోంది," అన్నారు. రెండు వారాల తర్వాత ఆరోగ్య బీమా రాయమన్నారు. ఎవరికైనా జబ్బు చేయించాలి. ఈసారి హన్మవ్వ జోలికి పోను. ఒక కొత్త కుటుంబాన్ని తెస్తాను, పేర్లు నువ్వే చెప్పు. మీ చుట్టుపక్కల ఎవరికీ లేనివి చూసి చెప్పు.

నాన్న తొక్కు ఎవరితో తింటున్నాడో తెలిసింది. ఒక్కడే తింటున్నాడు. ఇంకో సీసా పంపు.

రేకులు వేసే రోజు చెబితే వస్తాను.

నీ కోడలు,
నిరోష

ఒక మాట నీకు చెప్పలేదు. ఆ సోమవారం దాకా నేను ఏ బ్యాంకు లోపలా అడుగు పెట్టలేదు. నా ఖాతా ఫోన్‌లోనే తెరిచాను.